పెళ్లి ఫొటోల వరస

పెళ్లిలో రెండు కెమెరాలుంటే ఒకదాని గడియారం తప్పు చూపించడం మామూలే. ఫొటోలన్నీ ఒకే ఫోల్డర్లో పోస్తే జీలకర్ర-బెల్లం కంటే ముందే తలంబ్రాలు పడిపోతాయి. స్టూడియోలో ఎడిటింగ్ కుర్రాడి పనితనం అప్పుడు చూడాలి. ఫిల్ హార్వీ 2003లో విడుదల చేసిన ఉచిత సాధనం ఎగ్జిఫ్‌టూల్‌తో ప్రతి ఫొటోలో దాగిన తేదీ, సమయం చదివి, వెనకబడ్డ కెమెరా ఫొటోలన్నిటినీ ఒక్క ఆదేశంతో ముందుకు జరుపుతాడు. ఆ సమయాన్నే ఫైలు పేరుగా పెడతాడు; వరస దానంతటదే కుదురుతుంది. నాకు ముచ్చటేసేది ఈ ఒడుపే. వాట్సాప్‌కు చిన్న సైజులు ఇమేజ్‌మ్యాజిక్ అనే మరో సాధనం చేసిపెడుతుంది. అందులోని మోగ్రిఫై ఆదేశం, వేరే ఫోల్డర్ చూపించకపోతే అసలు ఫొటో మీదే రాసేస్తుంది (తెలిసినవాడు ముందే కాపీ తీసుకుంటాడు). మేనమామ కళ్లు మూసుకున్న ఫొటోను ఏరి పక్కనపెట్టే పని మాత్రం ఏ ఆదేశానికీ అప్పజెప్పడు.