ఆశా శబ్ద విచారము

సంస్కృతమున ఆశా శబ్దమునకు దిక్కు, తృష్ణ యను రెండర్థములు గలవు. అమరకోశ మీ రెంటినిఁ బేర్కొన్నది. తెనుఁగున నిది హ్రస్వాంతమై "ఆశ" యయ్యెను. దిగర్థము వాడుకఁ దప్పి, కోరికయు మేలు కలుగునను నమ్మికయు నిలిచినవి.

2005లో నారంభమైన జాతీయ గ్రామీణారోగ్య పథకము "అక్రెడిటెడ్ సోషల్ హెల్త్ ఆక్టివిస్ట్" అను పదముల యాద్యక్షరములఁ గూర్చి, యీ శబ్దమునే గ్రామారోగ్యసేవికకుఁ బేరుగా నొసఁగెను. పల్లెలలో నా పదములు వినఁబడవు, నమ్మికయే వినఁబడును. రూఢి యోగమును హరించు నను న్యాయ మిచ్చటఁ జెల్లినది.

జనులీమెను "ఆశా వర్కరు" అందురు. తుదియక్షరమే కార్యకర్తను జెప్పుచుండఁగా "వర్కరు" పునరుక్తి యని యాక్షేపింపవచ్చును. అది నిలువదు. పథకమీమెను జీతముగల యుద్యోగినిగాఁ గాక, పనినిబట్టి పారితోషికముఁ గొను స్వచ్ఛందసేవికగాఁ బరిగణించినది. "ఆక్టివిస్ట్" అనుటలోని మర్మమిదియే. గోదావరిఖని గనుల చేరువనున్న కమాన్‌పూరు వంటి చోట వర్కరనఁగా మస్టరు, జీతము గలవాఁడు. కావున జనవాక్యము చేర్చినది యధికపదము గాదు. సంక్షేపము విడిచిన యర్థము.