గేటు పడింది!

మూడేళ్ల బాబు బొమ్మ కార్లన్నీ గోడ వారన బారుగా పేరుస్తున్నాడు. పిలిస్తే పలకడు, తలెత్తడు. ఆటిజం పిల్లలతో నేలమీద ఆడుతూ సాగే ఫ్లోర్‌టైమ్‌లో చేయి తిరిగిన థెరపిస్ట్ అప్పుడేం చేస్తుందో చూసి తీరాలి. కార్లు లాక్కోదు, గడ్డం పట్టుకుని మొహం తిప్పదు. పక్కనే బోర్లా పడుకుని ఒక కారు అందిస్తుంది. తీసుకున్నాడా, ఇంకోటి. కాసేపటికి బారుకి అడ్డంగా అరచెయ్యి నిలబెట్టి "గేటు పడింది!" అంటుంది. వాడు విసుగ్గా ఆ చెయ్యి తోసేస్తాడు. తోశాడా, ఆమె పంట పండినట్టే! వాడి ఆటకి ఆమె బదులిచ్చింది, ఆమెకి వాడు బదులిచ్చాడు. ఈ విద్యలో దాన్ని ఒక వలయం అంటారు. గేటు మళ్లీ పడుతుంది, ఈసారి మెల్లగా, కిర్రుమంటూ. తోస్తూ తోస్తూ వాడు ఓరగా ఆమె మొహంలోకి చూస్తాడు. ఐ కాంటాక్ట్, ఐ కాంటాక్ట్ అని గీపెట్టినా రాని చూపు అది.

పనితనమంతా ఆ అడ్డుపడటంలోనే ఉంది. మోతాదు మించితే ఏడుపు, తగ్గితే వాడు తన లోకంలోకి జారుకుంటాడు. చప్పుడు పడని పాప దగ్గర గొంతు గుసగుసకి దించాలి. ఒళ్లు కుదురులేని బాబుని ముందు ఉయ్యాలూపి, ఆ తర్వాతే ఆటలోకి దింపాలి. గాయకుడి మనోధర్మం పసిగట్టే పక్కవాద్యగాడిలా, పిల్లాడు ఎటు పోతే అటు పోతూనే ఆటను ఒక్కో మెట్టు ఎక్కించాలి.

ఈ ఫ్లోర్‌టైమ్‌ని కూర్చింది అమెరికాలో పిల్లల మానసిక వైద్యుడు స్టాన్లీ గ్రీన్‌స్పాన్, సైకాలజిస్ట్ సెరీనా వీడర్. గ్రీన్‌స్పాన్ 2010లో పోయారు. అమ్మనో నాన్ననో నేలమీద కూర్చోబెట్టి, పక్కనుంచి రెండు ముక్కలు అందిస్తూ వాళ్లచేతే ఆట నడిపించడం ఆయన ఘనత. ఇరవై నిమిషాల చొప్పున రోజుకి ఎన్నో విడతలు ఆడమనేవారు. అన్నిసార్లు ఇంట్లోవాళ్లు తప్ప ఎవరు ఆడగలరు?

వారానికి 40 గంటల ఏబీఏ శిక్షణతో, అంటే ప్రవర్తనని దిద్దే పద్ధతితో, సైకాలజిస్ట్ లోవాస్ 1987లో చూపిన ఫలితాలను అవతలి పక్షంవాళ్లు ఇప్పటికీ మన ముందు పెడతారు. గ్రీన్‌స్పాన్, వీడర్ 1997లో ప్రకటించిన 200 మంది పిల్లల వివరాల్లో పోల్చి చూడటానికి చీటీలేసి విడదీసిన బృందం లేదన్నది నిజమే. అయినా నేను నేలమీద కూర్చున్నవాళ్ల పక్షమే. ఈ విద్యకి దాయాదిలాంటి పాస్ పద్ధతిని గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. తల్లీబిడ్డల ఆట వీడియో తీసి, తల్లితో కలిసి చూస్తూ నేర్పింది నిపుణులు కాదు, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. పిల్లలు తమంతట తాము అమ్మని పలకరించడం పెరిగింది!

మరి మన ఊళ్లలో? బోర్డు మీద ఫ్లోర్‌టైమ్ అని ఉంటుంది, లోపల కుర్చీ, బల్ల, ఫ్లాష్ కార్డుల కట్ట. "వాట్ ఈజ్ దిస్? యాపిల్. సే యాపిల్." ముప్పావు గంట తలుపు మూసేస్తారు. తల్లి బయట బెంచీ మీద. "మీరు లోపలికొస్తే వాడు మా మాట వినడమ్మా" అంటారు. తల్లిని బయట కూర్చోబెట్టాక అందులో ఫ్లోర్‌టైమ్ ఇంకేం మిగిలింది? పైగా ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమని ఉచిత సలహా! రెండు భాషలు వినడం ఆటిజం పిల్లల మాటకి చేటు చేస్తుందని ఏ పరిశోధనా తేల్చలేదు. తెలుగులో పెరిగిన తల్లి పరాయి భాషలో ముద్దు చేయడానికి తడుముకుంటుంది, ఆటలోని హుషారంతా అక్కడే చచ్చిపోతుంది. చెమ్మచెక్కలో చప్పట్ల మధ్య ఒక్క క్షణం ఆగి చూడండి, ఆ బాబు చెయ్యి మీ చేతిని వెతుక్కుంటూ రావచ్చు. అంతకన్నా మంచి వలయం ఏ కార్డుల కట్టలో దొరుకుతుంది?

అమ్మలారా, నాన్నలారా, ఫీజు కట్టేముందు ఒక్కటి అడగండి: సెషన్‌లో మమ్మల్ని కూర్చోనిస్తారా, మాకు ఆడటం నేర్పుతారా? నీళ్లు నమిలితే రసీదు రాయించుకోకుండా బయటికి వచ్చేయండి.