ఓదార్పు వాక్యాల్లో యజమాని ఎక్కడ?

కోవిడ్ కాలంలో నర్సుల మనసు గురించి చాలా రాశారు. దీర్ఘశ్వాస తీసుకోండి, ధ్యానం చేయండి, డైరీ రాసుకోండి, వార్తలు తక్కువ చూడండి - కరపత్రాల్లో, శిక్షణల్లో పదేపదే ఇవే సూచనలు. సాహిత్య పరిశోధకురాలిగా నా దృష్టి ముందు వాటి వ్యాకరణం మీదికి పోయింది. ప్రతి వాక్యంలోనూ కర్త నర్సే. డ్యూటీలు వేసేవాళ్ళు, జీతాలిచ్చేవాళ్ళు, కిట్లు కొనేవాళ్ళు ఎక్కడా కర్తలుగా రారు.

ఈ సూచనలు పనికిరావని అనను. నిద్రపట్టని రాత్రి శ్వాస మీద ధ్యాస కొంత ఊరటే. కానీ బహదూర్‌పల్లిలో మా వెనక వీధిలో అద్దెకుండే ఒక నర్సు ఇలా అంది: “మంచిగ ఊపిరి పీల్చుకోమంటరక్కా. ఆరు గంటలు కిట్టేసుకుంటే ఊపిరెక్కడాడ్తది? నీళ్ళు తాగలేం, బాత్రూంకు పోలేం.” నెలసరి రోజుల్లో ఆ ఆరు గంటలు ఎలా గడిచేవో నేను చదివిన ఏ కరపత్రమూ అడగలేదు. ఆమెను నిలబెట్టింది తోటి నర్సులు. బట్టలు మార్చుకునే గదిలో కలిసి ఏడ్చారు, ఒకరి డ్యూటీ ఒకరు చేశారు, ఒకరినొకరు ఆటపట్టించుకున్నారు.

ఉద్యోగంలో భాగంగా నవ్వునూ ఓపికనూ అమ్ముకోవాల్సి రావడాన్ని ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో విమాన పరిచారికల జీవితాల నుంచి వివరించి, ‘భావోద్వేగ శ్రమ’ అంది. మన ఆస్పత్రుల్లో ఆ శ్రమకు ‘సిస్టర్’ అనే పిలుపు ముసుగు వేస్తుంది. తోబుట్టువు సేవకు కూలి కట్టం కదా!

2020 మే 3న సికింద్రాబాద్ గాంధీ ఆస్పత్రి మీద వైమానిక దళ హెలికాప్టర్ పూలు చల్లింది. జూలైలో అక్కడి ఔట్‌సోర్సింగ్ నర్సులు విధులు బహిష్కరించారు. వాళ్ళ నెల జీతం 17,500 రూపాయలు. ఆందోళన తర్వాతే ప్రభుత్వం దాన్ని 25,000 చేస్తామంది. మరుసటి ఏడాది, 2021 జూలైలో, రాష్ట్రంలో 1,600 మందికి పైగా ఔట్‌సోర్సింగ్ నర్సులను తొలగించారు. పూలు అందుకున్న చేతులకు ఉద్యోగం మిగల్లేదు.

నర్సులు ఒత్తిడిని తట్టుకున్న మార్గాల్లో ఆ సమ్మెను కూడా లెక్కించాలంటాను. భయాన్ని ఒంటరిగా మింగకుండా పదిమందిలో చెప్పుకోవడం, దాని కారణాన్ని పేరుపెట్టి పిలవడం మనసుకు చికిత్సే. ఇంకో మహమ్మారికి కరపత్రం రాసేవాళ్ళు మొదటి వాక్యాలు యజమానికి రాయాలి: జీతం వేళకివ్వండి, షిఫ్టు తగ్గించండి, విశ్రాంతి గది చూపించండి. నర్సును ఊపిరి పీల్చుకోమనడం ఆ తర్వాతి మాట.