చీర తిరగేస్తే

పోచంపల్లి చీర చేతికిస్తే నేను ముందు కొంగు చూడను, తిరగేస్తాను. రెండు వైపులా రంగు ఒకే చిక్కదనంతో ఉండాలి. పువ్వు అంచు దగ్గర కాస్త చెదిరి, నీళ్లలో నీడలా వణకాలి. అచ్చు గుడ్డకైతే ముందు గీత కత్తితో కోసినట్టుంటుంది, వెనక వెలవెలబోతుంది.

ఆ వణుకు ఎక్కడిదో పని చూస్తే తెలుస్తుంది. ఇక్కడ పువ్వు నేయకముందే నూలులో చేరిపోతుంది. ఆసు అనే చట్రం మీద అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ దారాన్ని వేలసార్లు తిప్పుతారు. (ఈ పనితో తల్లి పడే భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేసి, లక్ష్మి అన్న ఆమె పేరే పెట్టారు.) తర్వాత లెక్క ప్రకారం గుర్తులు పెట్టి, రంగు తగలకూడని చోట రబ్బరు పట్టీ బిగించి కడతారు. అదే చిటికి. ఒక రంగులో ముంచి ఆరబెట్టి, కొన్ని కట్లు విప్పి, కొన్ని కొత్తగా కట్టి, మళ్లీ ముంచాలి. పడుగుకూ పేకకూ రెండింటికీ చిటికి కట్టిన చీరైతే, మగ్గం మీద పోగును జరిపి పువ్వు కలుపుకుంటూ నేయాలి. ఎంత కలిపినా వెంట్రుకవాసి తేడా మిగులుతుంది. నాకు ఆ వెంట్రుకవాసే ప్రాణం.

పోచంపల్లి పేరుకు కాపలా ఉన్న చట్టం అల్లికా నాకు అంతే నచ్చింది. ట్రేడ్‌మార్కు ఒకరి సొత్తు, అమ్ముకోవచ్చు. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం 24వ సెక్షన్ ఆ దారి మూసేసింది. పోచంపల్లి ఇకత్ అన్న పేరును అమ్మడానికీ తాకట్టు పెట్టడానికీ లైసెన్సుకివ్వడానికీ వీల్లేదు. ఎంత డబ్బున్నవాడొచ్చినా పేరు ఊళ్లోనే ఉంటుంది.

భౌగోళిక సూచికల రిజిస్టరుకెక్కిన తొలి పేర్లలో ఇదొకటి. రిజిస్ట్రేషనే చెల్లుబాటుకు ప్రాథమిక సాక్ష్యం కాబట్టి, కాదనేవాడే రుజువు చేయాలి. అధీకృత వినియోగదారుగా నమోదైన నేతన్న తనే కోర్టుకెళ్లొచ్చు. దొంగపేరుతో అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. పదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి.

అయితే చట్టం కాసేది పేరునే. అచ్చు గుడ్డను అచ్చు గుడ్డగానే అమ్మేవాణ్ని అది ఆపదు. అందుకే చీర కొన్నప్పుడల్లా బిల్లు మీద ఊరి పేరు రాయించుకుంటాను.