ప్లాస్టిక్ గది చెప్పని కథ

రోగనిరోధక శక్తిని గూర్చి సామాన్య ప్రేక్షకులకు పరిచయము కలిగించిన చిత్రములలో ‘ది బాయ్ ఇన్ ది ప్లాస్టిక్ బబుల్’ ఒకటి. రాండల్ క్లైజర్ దర్శకత్వమున తయారై, 1976లో అమెరికా టెలివిజనులో ప్రసారమైనది. కథానాయకుడు జాన్ ట్రావోల్టా. పుట్టుకతోనే నిరోధక శక్తి లేని బాలుడు సూక్ష్మజీవులు చొరని ప్లాస్టిక్ గదిలో పెరిగి, తుదకు దానిని విడిచి ప్రియురాలితో గుర్రమెక్కి పోవును.

ఆ బాలుని ఒంటరితనమును చిత్రము చక్కగా చూపినది. కాని ఈ లోపము పిల్లలకు మాత్రమే సంబంధించినదనియు, క్రిములను బయట ఆపినచో ముప్పు తీరిపోవుననియు ప్రేక్షకునికి తోచును. ఈ రెండును సరికావు.

ప్రాథమిక నిరోధక లోపమనగా ఎయిడ్సువలె తరువాత సోకునది కాదు. దాని మూలము శరీర నిర్మాణములోనే ఉండును. అయినను కొన్ని రకములు పెద్దవయసుననే బయటపడును. ‘కామన్ వేరియబుల్ ఇమ్యునో డెఫిషియెన్సీ’ అట్టిది. ఇందు ప్రతిరక్షకములు చాలినంతగా తయారు కావు. 1952లో బ్రూటన్ అను వైద్యుడు ప్రతిరక్షకములు లేని బాలునికి ఇతరుల రక్తమునుండి తీసిన గామా గ్లోబ్యులిన్ ఇచ్చి మేలు కలిగించెను. పెద్దలకును నేడు అదే చికిత్స. దానితో అంటురోగములు బాగుగా తగ్గును.

చిత్రము కలిగించు భావమే నిజమైనచో కథ ఇక్కడ ముగియవలెను. కాని వీరిలో కొందరికి కాలేయము చెడును. మద్యము గాని, వైరసు గాని కారణము కానక్కరలేదు. లింఫోసైటులు కాలేయపు సన్నని రక్తమార్గములలో గుమికూడును. ఆ మార్గములు దెబ్బతినును. రక్తము చాలనిచోట కణములు కృశించును, చాలినచోట పెరిగి గడ్డలు కట్టును. సిర్రోసిస్ నందువలె మచ్చకట్టుట అంతగా ఉండదు. అయినను పోర్టల్ సిరలో ఒత్తిడి హెచ్చి ప్లీహము ఉబ్బును. అన్నవాహికలోని సిరలు చిట్లి రక్తపు వాంతులు కావచ్చును. గామా గ్లోబ్యులిన్ దీనిని ఆపజాలదు. చిత్రము లేదన్న సైన్యములో కొంతభాగము ఇక్కడ ఉన్నది. అదుపు తప్పి స్వగృహమునే పాడుచేయుచున్నది.

వెలుపలినుండి వచ్చు ముప్పు సైతము చిత్రము చూపినంత సూటిగా ఉండదు. 1993-94లో గామా గ్లోబ్యులిన్ ద్వారానే కొందరు రోగులకు హెపటైటిస్-సి వైరసు సోకినది. తరువాత తయారీలో వైరసును నశింపజేయు పద్ధతులు ప్రవేశపెట్టిరి. ఈ వైరసుకు వాడుకలోనున్న తొలి పరీక్ష ప్రతిరక్షకములను వెదకును. వాటిని తయారుచేయలేని వానియందు వైరసు ఉన్నను పరీక్ష ‘లేదు’ అని చెప్పవచ్చును. కనుక వైరసు ఆర్.ఎన్.ఏ.నే నేరుగా వెదకవలెను. పరీక్ష ఏమి కొలుచుచున్నదో తెలియక ఫలితమును నమ్మరాదని విద్యార్థులకు చెప్పుటకు ఇంతకంటె మంచి ఉదాహరణ అరుదు.

చిత్రకథకు ఆధారమైన బాలురలో ఒకడగు డేవిడ్ వెటర్ 1984లో తన 12వ ఏట మరణించెను. అతనిని బలిగొన్నది గది వెలుపలి క్రిమి కాదు. చికిత్సకై సోదరి ఇచ్చిన మూలుగలో దాగిన వైరసువలన పుట్టిన క్యాన్సరు.

కోట, సైన్యము అను ఉపమానముతోనే మన తరగతులలోను ఈ పాఠము సాగుచున్నది. ఉపమానమును విడువనక్కరలేదు. చిత్రమును చూపవచ్చును. అయితే చూపిన పిదప, కావలి లేని కోట కథతోపాటు ఈ కాలేయపు కథను కూడ ఉపాధ్యాయుడు చెప్పవలెను. నిరోధక శక్తికి బలమెంత అవసరమో అదుపు అంత అవసరమని అప్పుడే విద్యార్థికి బోధపడును.