పటం లేని గేము, కలిసే దారులు

కొన్ని వీడియో గేముల్లో నేల కూడా ఒక పాత్ర. 2011లో జపాన్‌కు చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ విడుదల చేసిన ‘డార్క్ సోల్స్’ అలాంటిది. దర్శకుడు హిడెటాకా మియాజాకి. మన పిల్లలందరికీ అందే గేము కాదిది, కంప్యూటరో కన్సోలో కావాలి. అయినా దాని గురించి మనం మాట్లాడుకోవాలంటాం. ఒక చోటు తెలియడమంటే ఏమిటన్న ప్రశ్నను అది కత్తియుద్ధం కంటే గట్టిగా అడుగుతుంది.

ఈ గేములో పటం ఇవ్వరు. అసలు ప్రయాణం ‘ఫైర్‌లింక్ ష్రైన్’ అనే పాడుబడ్డ గుడి దగ్గర మొదలవుతుంది. అక్కడొక నెగడు. దాని దగ్గర కూర్చుంటే గాయాలు మానతాయి, కానీ చంపిన శత్రువుల్లో చాలామంది మళ్ళీ లేస్తారు. అక్కడి నుంచి పైకెక్కి, శిథిలమైన బస్తీ దాటి, మంటలు కక్కే డ్రాగన్ కాచుకున్న వంతెనను ఎలాగో గడిచి చర్చి చేరాలి. చాలా దూరం వచ్చేశామనిపిస్తుంది. చర్చి పక్కన ఒక లిఫ్టు ఉంటుంది. అది దిగితే తేలేది మొదట బయలుదేరిన గుడిలోనే. దూరమనుకున్నది నెత్తిమీదే ఉందన్నమాట. అప్పుడు చేతికి కొత్త ఆయుధమేదీ రాదు, నేల అర్థమవుతుంది. గేము మొత్తంలో ఇంతకు మించిన బహుమతి మాకు కనబడలేదు.

కిందికి పోయినా అంతే. రెండు గంటలు మోగిస్తేగాని ‘సెన్స్ ఫోర్ట్రెస్’ కోట తలుపు తెరుచుకోదు. ఒకటి చర్చి పైన, రెండోది నేల అడుగున. మురుగుకాలువల్లోంచి, ‘బ్లైట్‌టౌన్’ అనే విషపు బురద మీదుగా దిగి రెండో గంట కొట్టాక తిరిగి రావాలి. నీటిచక్రంతో నడిచే లిఫ్టెక్కి లోయలోకి వస్తే, అక్కడి నుంచి మునిగిన నగరం గుండా మళ్ళీ అదే గుడికి దారి ఉంది. రాను ఒక దారి, పోను ఒక దారి. ఇలా నడిచినవాళ్ళకు పటం తలలోనే తయారవుతుంది. ముందు నడిచిన ఆటగాళ్ళు నేలమీద రాసిన మాటలూ కనబడతాయి. కొన్ని హెచ్చరికలు, కొన్ని అబద్ధాలు. ఏది నమ్మాలో నడిచేవాడే తేల్చుకోవాలి.

అయితే గేము సగం దాటాక ఈ గుణం పలచబడుతుంది. ‘ఆనోర్ లోండో’ నగరం గెలిచాక ఒక పాత్ర దొరుకుతుంది. దాంతో కొన్ని నెగళ్ళ మధ్య నడవకుండానే ఎగిరిపోవచ్చు. ఆ తర్వాత వెళ్ళాల్సిన నాలుగు దిక్కుల దారులూ చివర్లో మూసుకుపోతాయి. పని ముగించి మాయమై రావడమే. చుట్టు తిరిగి కలిసే దారి లేని చోటు ఎంత అందంగా గీసినా గుర్తుండదు.

2014లో వచ్చిన రెండో భాగంలో మొదటి నుంచే ఎగిరే వీలుంది. ఫలితం చూడండి. ఒక గాలిమర కోట శిఖరం మీద లిఫ్టెక్కి ఇంకా పైకి పోతే, లావాలో మునుగుతున్న ఇనుపకోట వస్తుంది. బయటి నుంచి చూసినప్పుడు ఆ శిఖరం పైన కొండే లేదు. నడవనక్కర్లేనప్పుడు నేల పొంతన ఎవరు చూస్తారు?

పటమే తప్పని మేము అనడం లేదు. 2022లో వచ్చిన ‘ఎల్డెన్ రింగ్’లో పటం ఉంది. కానీ ఒక ప్రాంతంలోకి నడిచి వెళ్ళి, అక్కడి రాతిస్తంభం దగ్గర ముక్క తీసుకుంటేగాని ఆ ప్రాంతపు వివరాలు తెరుచుకోవు. కాళ్ళు ముందు, కాగితం తర్వాత. ఆ వరుస మాకు నచ్చింది.

ఆ వరుస మనకు ఆటమాట కాదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2008లో వచ్చిన నియమాల ప్రకారం, గ్రామసభ ఎన్నుకున్న అటవీ హక్కుల కమిటీయే ఒక్కో దావాకు గుర్తుపట్టగల ఆనవాళ్ళతో పటం తయారు చెయ్యాలి. పెద్దల మాటను రాసి పెడితే అదీ సాక్ష్యమే. వాగు ఏ బండ దగ్గర మళ్ళుతుందో, పాత పోడు ఏ చెట్టు దాకా ఉందో చెప్పగలిగినవాళ్ళు ఉంటేనే ఆ పటం నిలుస్తుంది. హాస్టలుకు బస్సులో పోయి, సెలవులకు బస్సులో వచ్చే పిల్లకు గూడెం ఒక నెగడు, బడి ఇంకో నెగడు. మధ్య నేల ఖాళీ. తప్పు పిల్లది కాదు, ఆమెను ఆ దారిన నడిపించినవాళ్ళు లేరు.

ఉపాధ్యాయులు ఒక పని చేయించవచ్చు. ఫోను చూడకుండా, తమ గూడెం నుంచి సంతకు కాలిబాటను గీయమనండి. వాగులు, గట్లు, చెట్లు, నీళ్ళు దొరికే చోట్లు పేర్లతో రాయాలి. పేర్లు ఇంటి భాషలోనే ఉండాలి. తెలియనివి సెలవుల్లో తాతనో అవ్వనో అడిగి రావాలి. తర్వాత వేర్వేరు గూడేల పిల్లల కాగితాలు పక్కపక్కన పెట్టి, ఏ దారి ఏ దారిని ఎక్కడ కలుస్తుందో వాళ్ళనే వెతకమనండి. కలవని చోటుకు ఒక రోజు పెద్దల్ని తోడు తీసుకుని నడిచి వెళ్ళండి.