రాళ్ల లారీ వెనక తేలే లెక్క

వోక్స్‌వ్యాగన్ పోలో జీటీ కొనాలనుకునే కుర్రాళ్లు వికారాబాద్‌లోనైనా, తాండూరులోనైనా నన్ను అడిగేది ఒకటే: “అన్నా, పెట్రోల్ తీస్కోవాల్నా, డీజిల్ తీస్కోవాల్నా?” చేతిలో డబ్బు తక్కువ, కోరిక పెద్దది. ఆ కోరికంటే నాకు గౌరవం. ఇంటి అవసరానికి ఏ కారైనా సరిపోతుంది. స్టీరింగ్ పట్టుకుంటే మనసు ఉప్పొంగాలనుకునేవాడు మాత్రం ఇంజిన్ దగ్గర తొందరపడకూడదు.

రెండు తలుపుల స్పోర్ట్స్ కూపే మన దేశంలో మామూలు జీతగాడికి అందే ధరలో దాదాపుగా రాలేదు. ఫోర్డ్ మస్టాంగ్ 2016లో వచ్చింది గానీ 5 లీటర్ల వీ8 ఇంజిన్ ఒక్కదానితోనే వచ్చింది. అమెరికాలో దొరికే 2.3 లీటర్ల చిన్న టర్బో ఇంజిన్ ఇక్కడ అమ్మనేలేదు. ఆ సరదా తీర్చుకోవడానికి మనవాళ్లకు దొరికింది పుణె పక్కన చాకన్‌లో తయారైన పోలో జీటీ. 2022లో దాని తయారీ ఆగిపోయింది. ఇక కొనేదంతా సెకండ్ హ్యాండే.

2013లో జీటీ రెండు రకాలుగా వచ్చింది. టీఎస్ఐ అంటే 1.2 లీటర్ల టర్బో పెట్రోలు, ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్. టీడీఐ అంటే 1.6 లీటర్ల డీజిల్, ఐదు గేర్ల మాన్యువల్. రెండిటి శక్తీ 105 పీఎస్సే. కాగితం మీద సమానమే కదా అని అక్కడే ఆగిపోతారు చాలామంది. తేడా అంతా టార్క్‌లో ఉంది, అంటే లాగే బలంలో. పెట్రోలుది 175 న్యూటన్ మీటర్లు, డీజిల్‌ది 250. అదీ 1,500 ఆర్‌పీఎం నుంచే అందుతుంది.

ఈ అంకెల విలువ తెలియాలంటే తాండూరు దారిలో నాపరాళ్ల లారీ వెనక చిక్కుకోవాలి. బండలు, సిమెంటు, కందులు అన్నీ ఈ దారుల మీదే కదులుతాయి. ముందు లారీ మెల్లగా పోతుంటే మన ఇంజిన్ కూడా తక్కువ ఆర్‌పీఎంలోనే తిరుగుతుంటుంది. ఎదురుగా దారి ఖాళీ అయ్యేది కొద్ది క్షణాలే. ఆ క్షణాల్లో యాక్సిలరేటర్ తొక్కగానే డీజిల్ అదే గేరులో అందుకుంటుంది. డీఎస్‌జీ ముందు కింది గేరుకు దిగి, ఆ తర్వాతే ఊపందుకుంటుంది. తాండూరు నుంచి హైదరాబాద్‌కు వంద కిలోమీటర్లకు పైనే. వారంలో ఎక్కువ రోజులు ఆ దారి పట్టేవారికి నేను డీజిలే చెబుతాను. మైలేజీ దానికి అదనపు లాభం.

అదే అనంతగిరి ఘాట్‌లో సంగతి వేరు. డీజిల్ ఇంజిన్ బరువంతా ముందు చక్రాల మీదే ఉంటుంది. మలుపు తిప్పినప్పుడు ఆ బరువు చేతులకు తెలుస్తుంది. పెట్రోలు బండి ముందు భాగం తేలిక, స్టీరింగ్ చెప్పిన మాట వెంటనే వింటుంది. వికారాబాద్‌లోనే ఉంటూ ఆదివారం కొండెక్కి దిగే మనిషికి ఆ ఆనందం పెట్రోలే ఇస్తుంది.

కానీ 1.2 టీఎస్ఐ కొనేముందు గేర్‌బాక్సు గురించి ఆలోచించాలి. ఆ డీఎస్‌జీలో ఉన్నవి ఆయిల్‌లో మునగని పొడి క్లచ్చులు. నెమ్మదిగా పాకే ట్రాఫిక్‌లో వేడెక్కి అరుగుతాయి. చైనాలో ఫిర్యాదులు పెరిగి వోక్స్‌వ్యాగన్ ఈ రకం గేర్‌బాక్సుకు వారంటీని 10 ఏళ్లకు పొడిగించాల్సి వచ్చింది. మన దగ్గర అది పాడైతే ఊళ్లో షెడ్డులో విప్పే పని కాదు, బండిని హైదరాబాద్‌కు తీసుకుపోవాలి. మొదటి గేరు నుంచి రెండో గేరుకు మారేటప్పుడు కుదుపు వస్తే ఆ బండిని వదిలేయండి.

వీటికి తోడు నాకు బాగా నచ్చే మూడో దారి ఒకటుంది. 2020లో వచ్చిన 1.0 లీటరు టీఎస్ఐ శక్తి 110 పీఎస్. జీటీ బ్యాడ్జి ఉన్నదానికి ఆటోమేటిక్ ఇచ్చారు. అదే ఇంజిన్ హైలైన్ ప్లస్‌లో ఆరు గేర్ల మాన్యువల్‌తో దొరుకుతుంది. వెనక బ్యాడ్జి లేదని దాన్ని పక్కన పెట్టకండి, పరుగు అదే. పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఈ కార్లు అంతకుముందే తయారైనవి కాబట్టి ఇంధన పైపులు, సీళ్లు చూపించుకుంటూ ఉండాలి.

డీజిల్ తీసుకునేవారు అడగాల్సినవి రెండు. వోక్స్‌వ్యాగన్ డీజిల్ ఉద్గారాల మోసం బయటపడ్డాక 2015 చివర్లో మన దేశంలో మూడు లక్షలకు పైగా బండ్లను సాఫ్ట్‌వేర్ మార్పు కోసం వెనక్కి పిలిచారు. ఆ పని జరిగిందా లేదా సర్వీసు రికార్డులో చూడాలి. రెండోది ఎయిర్ ఫిల్టర్. తాండూరు పాలిష్ యూనిట్ల దారిలో తిరిగిన బండి ఫిల్టర్ డబ్బా విప్పితే తెల్లటి రాతిపొడి కనిపిస్తుంది. ఫిల్టర్‌ను పట్టించుకోకపోతే ఆ పొడి టర్బో రెక్కలను తినేస్తుంది.

బండిని చూడటానికి వెళ్లేముందు ఇంజిన్‌ను వేడి చేయొద్దని అమ్మేవాళ్లకు చెప్పండి. చల్లటి ఇంజిన్ మొదటిసారి స్టార్టయినప్పుడు వచ్చే శబ్దం, పొగ అబద్ధం చెప్పవు. హైదరాబాద్ బండైతే సీటు పట్టాల కింద తుప్పు వెతకండి, 2020 అక్టోబరు వరదల్లో మునిగిన కార్లు చాలా ఉన్నాయి. సేడం, చించోళి వైపు నుంచి వచ్చే కర్ణాటక నంబరు చవగ్గా కనిపించవచ్చు. ఎన్‌వోసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలిపాక అసలు ధర తెలుస్తుంది.

ఏ ఇంజిన్ తీసుకున్నా కొనే డబ్బులో ఐదో వంతు దాచి పెట్టమంటాను. అందులో మొదటి ఖర్చు టైర్లకు, బ్రేకులకు. 2025 నవంబరులో చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో తాండూరు నుంచి వెళ్తున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొని ఎంతోమంది ప్రాణాలు పోయాయి. మనం రోజూ తిరిగే దారి అదే. ఇంజిన్‌లో మిగులు బలం ఉండాలనేది ఓవర్‌టేక్‌ను క్షేమంగా ముగించడానికి. దారి కనిపించనప్పుడు ఆ బలాన్ని వాడకుండా లారీ వెనకే ఆగడం కూడా డ్రైవింగ్‌లో భాగమే.

నా మాటైతే ఇది: రోజూ హైదరాబాద్ దారి పట్టేవారు టీడీఐ తీసుకోండి, ఊళ్లోనే తిరిగేవారు 1.0 మాన్యువల్ తీసుకోండి. ఈ రెండిటిలో మీరు అనుకున్నదాంట్లో బాగా చూసుకున్న బండి దొరక్కపోతే, తొందరపడి అరిగిపోయినదాన్ని ఇంటికి తెచ్చుకోకండి. ఇంకో ఆరు నెలలు డబ్బు కూడబెట్టండి.